టైలున్నంత మేర ధర్మం

మా అపార్ట్‌మెంట్ వెనక గోడకు దేవుళ్ళను అంటించి మొన్నటికి ఏడాది నిండింది. ఆ సందర్భంగా, సమాజం మీద మతం ప్రభావం ఎంత అని పండితులు తరతరాలుగా తేల్చలేకపోతున్న ప్రశ్నకు మలక్‌పేట నుంచి సవినయంగా జవాబు సమర్పించుకుంటున్నాను. ఇరవై రెండు అడుగులు. టేపు పెట్టి కొలిచాను.

కాస్త పూర్వరంగం చెప్పాలి. ఆ గోడ బస్టాపు పక్కనే. బస్సు దిగినవాడికి, ఎక్కబోయేవాడికి, ఎంతకీ బస్సు రాక విసిగినవాడికి అదొక్కటే ఆసరా. మొదట “ఇక్కడ మూత్రం పోయరాదు” అని ఎర్ర పెయింటుతో రాయించాం. చదువుకుంటూ పోశారు. తర్వాత “పోసినవాడు గాడిద” అని రాయించాం. ఆ బిరుదు మీద ఎవరికీ అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు. సీసీ కెమెరా పెడితే మూడో రోజుకి కెమెరానే పోయింది. అప్పుడు సెల్లార్‌లో జరిగిన మీటింగులో మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారు దేవుళ్ళ టైల్స్ ప్రతిపాదించారు. ఫ్లాటుకు మూడొందలు.

ఏ దేవుడు అన్న దగ్గర గంటన్నర నడిచింది. ఏడుకొండలవాడు ఒక్కడు చాలన్నారు కొందరు. “ఆయనంటే భయం లేనివాళ్ళు కూడా బస్సెక్కుతారు కదండీ” అన్నారు సెక్రటరీ. చివరికి షాపులో సెట్టుగా దొరుకుతాయని తేలింది: వెంకన్న, షిర్డీ సాయి, మక్కా, శిలువ, గురునానక్. అందరూ ఒకే వరసలో, ఒకే సైజులో, ఒకే రేటుకు. రాజ్యాంగ పీఠికలో ‘లౌకిక’ అన్న మాటను 1976లో 42వ సవరణతో చేర్చారు. అది తు.చ. తప్పకుండా అమలైన చోటు, నాకు తెలిసినంతలో, మా వెనక గోడ.

మూడో అంతస్తు పెద్దమ్మ ఒకావిడ మాత్రం ఒప్పుకోలేదు. “ఆ కంపులో నిలబెట్టడానికి ఆయనేం పాపం చేశాడు నాయనా?” అని అడిగింది. మినిట్స్‌లో అది రాయలేదు.

ఫలితాలు అద్భుతం. ఒకరోజు పొద్దున్నే బాల్కనీలో కాఫీ తాగుతూ కళ్ళారా చూశాను. నలభై ఏళ్ళుంటాయేమో, ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు. గబగబా గోడ దగ్గరికొచ్చాడు, చెయ్యి జిప్పు దాకా వెళ్ళింది, దేవుళ్ళు కనపడ్డారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెప్పులు విడిచాడు. వరసలో ఉన్న అందరికీ కలిపి ఒకే దణ్ణం పెట్టి గుండెల మీద చెయ్యి ఆనించుకున్నాడు. మళ్ళీ చెప్పులేసుకుని, ఎడమ వైపు తొమ్మిది అడుగులు నడిచి, చివరి టైలు దాటాక నిలబడి, తీరిగ్గా పని ముగించుకున్నాడు. తిరిగొస్తున్నప్పుడు ఆ ముఖంలో సిగ్గు లేదు సరికదా, ఒక నియమం పాటించిన తృప్తి కనిపించింది.

దేవుడు స్తంభంలోనూ ఉన్నాడని ప్రహ్లాదుడు వాదించాడు. ఆ వాదాన్ని మా పేట సవరించింది: స్తంభం మీద టైలుంటే ఉన్నాడు, లేకపోతే లేడు. హిరణ్యకశిపుడు నయం, అనుమానమొచ్చి కనీసం స్తంభాన్ని కొట్టి చూశాడు.

ఈ ఊళ్ళో దేవుడితో లావాదేవీలు కొత్త కావు. ప్లేగు తగ్గిన గుర్తుగా 1591లో చార్మినార్ కట్టారని ఒక మాట ఉంది. 1813లో కలరా ప్రబలినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అనే మిలటరీ డోలీ మోసే మనిషి మహంకాళికి మొక్కుకున్నాడు. రెండేళ్ళకు సికింద్రాబాద్ వచ్చి చెక్క విగ్రహం నిలబెట్టాడు. ఒప్పందం స్పష్టం: ముందు జబ్బు తగ్గాలి, తర్వాత గుడి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేల మందిని మింగినప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నదికి పూజ చేసి చీరె సమర్పించారని చెప్పుకుంటారు. చీరెతో సరిపెట్టుకోలేదు, సర్కారు విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. మనం ఆ సంప్రదాయంలోంచి చీరెను మాత్రం భద్రంగా కాపాడుకుంటున్నాం.

ఆ ఉస్మాన్‌సాగర్ పక్కనే చిలుకూరు. ప్రపంచంలో వీసాల శాఖ చూసే దేవుడు, హుండీ లేని దేవుడు. కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. లెక్క తప్పకుండా చేతిలో కార్డు, దాని మీద గళ్ళు, గడికో టిక్కు. మా చుట్టాలబ్బాయి ఒకడు వీసా వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి నన్ను తోడు తీసుకెళ్ళాడు. డెబ్భై ఒకటో చుట్టులో అనుమానం వచ్చింది, టిక్కు ముందే పెట్టాడా, తిరిగాక పెట్టాడా అని. ఎండ మాడిపోతోంది, కాళ్ళు బొబ్బలెక్కాయి. అయినా ఒక టిక్కు కొట్టేసి మళ్ళీ డెబ్భై నుంచి మొదలెట్టాడు. “ఒక్కటి తగ్గినా స్వామికి అబద్ధం చెప్పినట్టే కదా బాబాయ్” అన్నాడు. నా కళ్ళు చెమర్చాయి.

ఆ అబ్బాయి అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేశాడు. కన్సల్టెన్సీ వాడు రెజ్యూమేలో ఐదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టాడు. తిరుగు ప్రయాణంలో ఆ ఐదేళ్ళ సంగతి ఎత్తాను.

“అది హెచ్‌ఆర్‌కి కదా బాబాయ్ చెప్పింది” అన్నాడు, నా అమాయకత్వానికి జాలిపడుతూ.

తొమ్మిది అడుగులు ఎడమకి జరగడం అంటే ఇదే.

గోల్కొండ ఎక్కినవాళ్ళందరూ రామదాసు బందీఖానా చూసే ఉంటారు. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉండి, శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి తానీషా జైల్లో పడ్డాడు. పాపం, ఏ నగకు ఎంతయిందో రాముడికే పద్దు వినిపించాడు. ఆడిట్‌కు అంతగా సహకరించిన ఉద్యోగి మళ్ళీ పుట్టలేదు. ఇప్పుడు పద్ధతి తిరగబడింది. సర్కారు సొమ్ముతో ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం నాడు దేవుడికి సత్యనారాయణ వ్రతం చేయిస్తున్నారు. పద్దు దేవుడికి కూడా చెప్పరు. ఆయన అడగడు కూడా, పీట మీద పటంలో ఉంటాడు కనక బీరువా ఆయన పరిధిలోకి రాదు.

రోడ్డు వెడల్పు కోసం కొలతలు మొదలయ్యే రోజు తెల్లారేసరికి వెలిసే దేవుళ్ళ గురించి విడిగా రాయాలి. గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏ పేరుతోనూ రోడ్ల మీద కొత్తగా కట్టడాలు రానివ్వొద్దని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. కోర్టు వారు నాలుగు పేర్లూ వరసగా చదువుతుంటే నాకు మా టైల్స్ సెట్టే గుర్తొచ్చింది.

ఇక హుస్సేన్‌సాగర్. పేరు ఒక సూఫీ మహనీయుడిది. మధ్యలో బుద్ధుడు, 1990లో కొందరిని తీసుకుని మునిగి, 1992లో లేచి నిలబడ్డవాడు. ఏటా ఊళ్ళోని గణపతులు చాలామంది అక్కడికే చేరతారు. ఇంతమంది పెద్దలు కాపలా ఉన్నా కూకట్‌పల్లి నాలా మురుగు తేవడం మానలేదు. నాలా చదువుకోలేదు, పాపభీతి ఉండదు.

అందుకని మొన్నటి వార్షికోత్సవ సమావేశంలో, మిగిలిన గోడకు కూడా దేవుళ్ళను పొడిగించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ముప్ఫై ఎనిమిది అడుగులు. ఖర్చు ఎక్కువని ఎవరో గొణిగితే, 1954లో ఒక్క అడుగుతో మొదలైన ఖైరతాబాద్ గణపతి 2024కి డెబ్భై అడుగులయ్యాడని ట్రెజరర్ గుర్తుచేశారు. ఇక నోరెత్తేవాడెవడు? ఫ్లాటుకు ఐదొందలు. అదే డబ్బుతో బస్టాపు దగ్గర ఒక మరుగుదొడ్డి కోసం ఎవరినైనా అడుగుదామా అని నేను లేచాను. “అది మన పరిధి కాదండీ” అన్నారు ప్రెసిడెంటుగారు.

నిన్న మేస్త్రీ వచ్చి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంచిన నడుం ఎత్తకుండా పనిచేశాడు. చివరి టైలు అంటించి, గుడ్డతో వెంకన్న ముఖం మీది సిమెంటు తుడిచి, చేతులు కడుక్కుని మా వాచ్‌మన్‌ని అడిగాడు:

“అన్నా, ఈడ బాత్రూం యాడున్నది?”

సెల్లార్‌లో ఉన్నదానికి తాళం. తాళంచెవి ప్రెసిడెంటుగారి దగ్గర, ఆయన గుడికి వెళ్ళారు. వాచ్‌మన్ ఒకసారి గోడ పొడవునా చూసి, పక్క అపార్ట్‌మెంటు గోడ వైపు చెయ్యి చూపించాడు.

“గాడికి పో. నేను గూడ ఆడికే పోత.”