దిగే చోటు

మొన్న మార్చిలో నేనూ అమ్మా తిరుపతి నుంచి పుదుచ్చేరి వెళ్ళి, పాత ఊళ్ళో నాలుగే గదులున్న ఒక చిన్న హోటల్లో రెండు రాత్రులు ఉండి వచ్చాం. వచ్చే నెల కుటుంబమంతా, తొమ్మిది మందిమి, మళ్ళీ వెళ్దామనుకుంటున్నాం. అందరం అక్కడే దిగాలని నా పట్టు. ఊరి బయట సముద్రపుటొడ్డున ఉన్న ఏదైనా పెద్ద హోటల్లో దిగాలని మామయ్య పట్టు. ఆయన మా బస్టాండు దగ్గర ఒక లాడ్జికి ముప్పై ఏళ్ళు మేనేజరుగా పనిచేసిన మనిషి. ఆదివారం భోజనాల దగ్గర మొదలైన వాదం సాయంత్రం కాఫీల దాకా సాగింది. నేను ఎటువైపో దాచడం లేదు. అయినా ఆయన మాటల పదును తగ్గించి రాయలేదు.

మామయ్య: గదికి ఏం కావాలమ్మా? తలుపుకు గట్టి గడియ, ఉతికిన దుప్పటి, వేడినీళ్ళు. ఈ మూడూ ఉంటే ఊరు చూడటానికి వచ్చినవాడికి చాలు. నువ్వు చెప్పే ఆప్యాయత బిల్లులో ఎక్కడో కలిసే ఉంటుంది.

నేను: కలిసే ఉండనివ్వండి. మేం వెళ్ళిన రాత్రి అమ్మ మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగింది. ఆ ఇల్లు నడిపే ఆవిడ ఏమీ అనలేదు. బల్ల మీది నోటుపుస్తకం తీసి ఏదో రాసుకుంది. మర్నాడు మేం బయటికి వెళ్ళి వచ్చేసరికి కింద, పరుపులూ దుప్పట్లూ పెట్టుకునే గది ఖాళీ చేయించి మంచం వేయించింది. పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. ఏం రాశారని అడిగితే చదివి చెప్పింది: 'రెండో గది. అమ్మకు మోకాలు. కిందికి మార్చాలి.' అంతే. ఆ మూడు ముక్కలు రాసుకునే తీరిక వంద గదుల హోటల్లో ఎవరికి ఉంటుంది?

మామయ్య: వంద గదుల హోటల్లో లిఫ్టు ఉంటుంది. మా అక్క ఎవరి దయా అక్కర్లేకుండా పైకి వెళ్తుంది, కిందికి వస్తుంది. ఒకరు గమనించి, జాలిపడి, మంచం మారిస్తే గానీ పడుకోలేని చోటికి మోకాళ్ళు అరిగిన మనిషిని అసలెందుకు తీసుకెళ్ళావు?

నేను: అది నా పొరపాటే. ముందే అడగాల్సింది.

మామయ్య: ఇంకొకటి. ఆవిడ నిన్ను పెళ్ళెందుకు కాలేదని అడిగిందా లేదా?

నేను: అడిగింది.

మామయ్య: ముప్పై ఏళ్ళలో నేను ఒక్కరినీ అడగలేదు. అర్ధరాత్రి కొండ దిగి, గుండు మీద గంధంతో, భుజాన నిద్రపోయిన బిడ్డతో వచ్చేవాళ్ళు. ఏ ఊరు, ఏ కులం, ఏం కష్టం వచ్చి మొక్కుకున్నారు, ఏదీ అడిగేవాణ్ణి కాదు. చీటీ రాసి, తాళం చేతికిచ్చి, రెండు బకెట్ల వేడినీళ్ళు పంపేవాణ్ణి. ముఖం కూడా గుర్తుండని మనిషికి చేసేది మర్యాద కాదా? నీ లెక్కలో ఆతిథ్యమంటే కబుర్లేనా?

(ఇది రాస్తున్నప్పుడు కూడా నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. మా ఊరు బతికేదే అలా పంపిన వేడినీళ్ళ మీద.)

నేను: మీరు చేసింది తక్కువని నేను ఏనాడూ అనను మామయ్యా. కానీ తిరుపతికి వచ్చేవాడు స్వామి కోసం వస్తాడు, ఊరి కోసం కాదు. వాడికి గది మజిలీ మాత్రమే. పుదుచ్చేరికి మనం వెళ్ళేది ఊరి కోసం. ఊరి బయట దిగి, పదింటికి కారెక్కి వచ్చి, రెండు ఫోటోలు తీసుకుని పోతే ఆ ఊరు కనబడదు. సముద్రం పక్కన గోబర్ట్ అవెన్యూ మీద సాయంత్రం నుంచి పొద్దున ఏడున్నర దాకా బండ్లు తిరగనివ్వరు. ఐదున్నరకు తలుపు తీసుకుని నడిచి వెళ్తే ఆ రోడ్డంతా మనుషులదే. గాంధీ విగ్రహం చుట్టూ నల్లరాతి స్తంభాలున్నాయి చూడండి, అవి సెంజి నుంచి తెచ్చినవి. తిరువణ్ణామలై దాటాక మా బస్సు కిటికీలోంచి కొండల మీద కోట కనబడింది, ఆ సెంజి.

పాత ఊరిని ఒక కాలవ రెండుగా చీలుస్తుంది. సముద్రం వైపు ఫ్రెంచివాళ్ళ ఇళ్ళు, ఎత్తు గోడలు, మూసిన గేట్లు. కాలవకు ఇవతల తమిళుల ఇళ్ళు, వీధిలోకి అరుగులు, లోపల ఆకాశం కనబడే మండువా. మేం దిగింది ఇవతలే. 1761లో ఆంగ్లేయులు పట్టుకుని ఊరిని పడగొట్టాక మళ్ళీ లేచిన ఊరది. అంతకు ముందు సంగతులు ఇప్పటివాళ్ళకు ఎలా తెలిశాయంటే, ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా ఉన్న ఆనంద రంగ పిళ్ళై 1736 నుంచి చనిపోయేదాకా దినచర్య రాశాడు. ఓడల రాక, సరుకు ధర, ఎవరు ఎవరిని అవమానించారు, అన్నీ. ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది. ఇవన్నీ నాకు చెప్పింది గైడు కాదు, ఆ ఇంటావిడే, అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ.

మామయ్య: పుస్తకంలోనూ దొరుకుతాయి.

నేను: ఇది దొరకదు, వినండి. అక్కడ సముద్రపుటొడ్డున చాలా మేర నల్లరాళ్ళే కదా, ఇసుక ఏదని అమ్మ అడిగింది. ఆ ఇంటావిడ చిన్నప్పుడు అక్కడంతా ఇసుకేనట, పడవలు లాగి పెట్టేవాళ్ళట. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన రేవు కట్టి సముద్రంలోకి రాతి గోడలు వేశారు. ఆ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరానికి నడుస్తుంది. దారిలో గోడ అడ్డం వచ్చేసరికి అక్కడే ఆగిపోయింది. ఊరి ముందున్న ఇసుకను అలలు తీసుకుపోయాయి, కొత్తది రాలేదు. రోడ్డు కోసుకుపోకుండా రాళ్ళు పోశారు. ఈ మధ్య నీటి అడుగున ఒక కట్ట దింపాక కొంత మేర ఇసుక తిరిగి వచ్చింది. ఆ కాస్త ఇసుక మీద అమ్మను చెయ్యి పట్టుకుని నిలబెట్టి, 'ఇదే మా పాత ఒడ్డు' అంది ఆవిడ. ఆవిడ కళ్ళు తడిశాయి. ఏ రిసెప్షన్ కౌంటర్ మనకిది చెబుతుంది?

మామయ్య: అరుగు అరుగు అంటున్నావు. మనకూ ఉండేది.

నేను: ఉండేది. మీరే పడగొట్టి పైన గదులు వేశారు.

మామయ్య: అనెయ్. నువ్వు పుట్టక ముందు సంగతి.

నేను: గోవిందరాజస్వామి గుడి వెనక సందులో అంత పెద్ద అరుగు. బ్రహ్మోత్సవాలప్పుడు ముక్కూ మొహం తెలియని వాళ్ళు వచ్చి పడుకునేవాళ్ళని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. తాతయ్య పోయిన రెండేళ్ళకే సిమెంటు బస్తాలు దింపారు మీరు. పుదుచ్చేరిలో వైశ్యాల్ వీధిలో పాత ఇళ్ళ ముఖాలు వరసగా బాగుచేసుకుంటే 2008లో యునెస్కో పురస్కారం ఇచ్చింది. మనం మిగిల్చింది ఏముంది, ఇనప షట్టరు తప్ప?

మామయ్య: మీ తాతయ్య అరుగు మీద కూర్చుని రండి రండి అనేవాడు. నిజమే, చూడముచ్చటగా ఉండేది. మరి ఇరవై మందికి అన్నం వార్చింది ఎవరు? ఎంగిలి విస్తళ్ళు ఎత్తింది ఎవరు? తెల్లవారకముందే లేచి పెరట్లో వాళ్ళ బట్టలు తొక్కకుండా నీళ్ళు తోడింది ఎవరు? మా అమ్మ. ఆమె నడుము నేరుగా నిలబడటం నేను పదేళ్ళప్పుడు చివరిసారి చూశాను. నేను అరుగు పడగొట్టింది డబ్బుకే అనుకుంటున్నావు. డబ్బూ ఉంది, కాదనను. కానీ ఆ అరుగు చూస్తే నాకు ఆ విస్తళ్ళే కనబడేవి.

(కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఈ సంగతి మా అమ్మ నాకు చెప్పలేదు.)

నేను: అందుకే అంటున్నాను మామయ్యా. పుదుచ్చేరి ఇంటావిడ చేసేది అమ్మమ్మ చాకిరీ కాదు. గదికి అద్దె తీసుకుంటుంది, చీటీ ఇస్తుంది, ఇద్దరమ్మాయిలకు జీతాలిచ్చి పని చేయించుకుంటుంది. రాత్రి తొమ్మిదికి వంటింటికి తాళం వేసి ఆ తాళం తన కొంగుకే ముడేసుకుంటుంది. ఆ తర్వాత కాఫీ అడిగితే లేదని మొహం మీదే చెబుతుంది. నాకు చెప్పింది కూడా. అయినా మోకాలు చూసింది. డబ్బు తీసుకుంటే పలకరింపు అబద్ధమైపోతుందా? మీరు జీతం తీసుకునే వేడినీళ్ళు పంపారు, అది అబద్ధమా?

మామయ్య: కాదు.

నేను: ఆవిడా అంతే.

మామయ్య: అక్కా, వెళ్ళేది నీ మోకాళ్ళతో. నువ్వు చెప్పు.

అమ్మ: నాకు పొద్దున్నే ఆ రోడ్డు మీద నడవాలి. కారెక్కి వెళ్ళి నడవడం కాదు.

మామయ్య: కింద గది ఒకటేనా? మీ అత్తకూ మెట్లు పడవు.

నేను: ఒకటే అనుకుంటాను.

మామయ్య: అనుకుంటే కాదమ్మాయీ. ఆవిడ నంబరు ఇటివ్వు. నాలుగు గదుల్లో తొమ్మిది మందికి మంచాలు ఎలా వేస్తుందో, కింద ఇంకొకటి పడుతుందో లేదో నేను అడుగుతాను. వేడినీళ్ళు ఎన్నింటి నుంచో కూడా.