మూత మూసిన పియానో

నిన్న మా కాలేజీ గ్రూపులో మళ్లీ అదే వీడియో. ఒకాయన పియానో ముందు కూర్చుని, మూత మూసి, ఏమీ వాయించకుండా లేచి వెళ్లిపోతాడు. కింద వరసగా నవ్వే బొమ్మలు. "ఇదీ సంగీతమేనా? ఈ మాత్రం మేమూ వాయిస్తాం" అని ఒకరు. మనసుకు కష్టంగా అనిపించింది. అక్కడ రాస్తే గొడవవుతుందని ఇక్కడ రాస్తున్నాను.

అది జాన్ కేజ్ అనే అమెరికన్ స్వరకర్త రచన. పేరు '4 నిమిషాల 33 సెకన్లు'. 1952 ఆగస్టు 29న, న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ దగ్గర, అడవిని ఆనుకుని ఉన్న మావరిక్ అనే చెక్క హాల్లో పియానిస్టు డేవిడ్ ట్యూడర్ దాన్ని మొదటిసారి ప్రదర్శించాడు. మొత్తం మూడు భాగాలు. భాగం మొదలవగానే మూత మూశాడు, అయిపోగానే తెరిచాడు. మొదటి భాగంలో బయట గాలి, రెండో భాగంలో పైకప్పు మీద చినుకులు, మూడో భాగంలో గొణుక్కుంటూ లేచిపోతున్న జనం వినిపించారని కేజ్ తర్వాత చెప్పుకున్నాడు. కోపంతో వెళ్లిపోయినవాళ్ల చెప్పుల చప్పుడు కూడా ఆ రచనలోకి చేరిపోయింది. ఎంత గొప్ప సంగతి!

దాని వెనక ఏళ్ల ఆలోచన ఉంది. 1940లలో అహ్మదాబాద్ నుంచి వెళ్లిన సంగీతకారిణి గీతా సారాభాయ్ ఆయనకు మన సంగీతం గురించి చెప్పారు. సంగీతం మనసును నెమ్మదింపజేయడానికే అని తన గురువు చెప్పిన మాట ఆవిడ నోట విని, కేజ్ జీవితాంతం దాన్ని తలుచుకున్నాడు. తర్వాత హార్వర్డ్‌లో, బయటి చప్పుడేదీ రాని, లోపలి చప్పుడు గోడల్లో ఇంకిపోయే గదిలోకి వెళ్లాడు. అక్కడా రెండు చప్పుళ్లు వినిపించాయి. వాటిలో మంద్రంగా వినిపించేది నీ నెత్తురు పారుతున్న చప్పుడే అని అక్కడి ఇంజినీరు చెప్పాడట. బతికున్నంత కాలం మనిషికి పూర్తి నిశ్శబ్దం దొరకదని ఆయనకు అక్కడ అర్థమైంది. అలాంటి మనిషిని పట్టుకుని సోమరి అంటారా?

అయితే కేజ్ పియానో మూత తన ఇష్టంతో మూయించాడు. వేరేవాళ్లు బలవంతంగా నోరు మూయించిన నిశ్శబ్దం ఇంకొకటి ఉంది. అది నాకు 2018లో కొచ్చి బియెన్నాలే అనే కళా ప్రదర్శనలో, ఆస్పిన్‌వాల్ హౌస్ అనే భవనంలో, కళాకారిణి శిల్పా గుప్తా పని చూశాక తెలిసింది. మసక చీకటి గదిలో పైనుంచి 100 మైకులు వేలాడుతుంటాయి. ఒక్కో మైకు కింద ఒక ఇనుప చువ్వ, దానికి గుచ్చిన కాగితం, కాగితం మీద కవిత్వం. రాసినదానికో నమ్మినదానికో జైలుపాలైన 100 మంది కవులవి, ఎన్నో శతాబ్దాల కిందటి నుంచి ఇప్పటిదాకా. మనం మాట్లాడాల్సిన మైకుల్లోంచి వాళ్ల మాటలే మనకు వినిపిస్తాయి. ఒక మైకు ఒక పాదం చదువుతుంది, మిగతావి అందుకుంటాయి. నాకు రాని భాషలే ఎక్కువ. అయినా కదలబుద్ధి కాలేదు, గంట దాకా అక్కడే ఉండిపోయాను.

అన్నిటికంటే ఎక్కువగా గుర్తుండిపోయింది గొంతులు కావు. ఒక గొంతు ఆగి ఇంకోటి ఎత్తుకునేలోపు ఉండే ఆ చిన్న ఖాళీ. తర్వాతి గొంతు వస్తుందో రాదో అని గదిలో అందరం చువ్వల మధ్య కదలకుండా నిలబడిపోయేవాళ్లం. పక్కన ఎవరో ఒకావిడ ఊపిరి బిగబట్టి, మైకు మళ్లీ పలకగానే వదిలింది. ఆ ఊపిరి నాకు స్పష్టంగా వినిపించింది.