టెంటు వైద్యం

ప్రకృతి ఒడిలో ఒక్క రాత్రి పడుకుంటే మనిషి కొత్త మనిషవుతాడట. ఇది వట్టి నమ్మకం కాదని మనవి. శుక్రవారం సాయంత్రం గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా ఊరంతటినీ తిడుతూ బయల్దేరిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, మర్నాడు తిరిగొచ్చి తన బాత్రూంలో గీజర్ స్విచ్ ముందు చేతులు జోడించి నిలబడ్డాడంటే, మనసు బాగుపడనట్టా? కాబట్టి మొదటి క్యాంపింగ్ వల్ల కలిగే ఆరోగ్య లాభాల గురించి ఇకనైనా గంభీరంగా మాట్లాడుకోవాలి.

ముందు శాస్త్రం సంగతి. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలో ఒక ఆస్పత్రి రికార్డులు తిరగేసి 1984లో ఒక పరిశోధన ప్రచురించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళలో కిటికీలోంచి చెట్లు కనపడినవాళ్ళు, ఇటుక గోడ కనపడినవాళ్ళకంటే త్వరగా కోలుకుని ఇంటికెళ్ళారు. గట్టి నొప్పిమందులూ తక్కువే వాడారు. క్యాంపింగ్ ప్రియులు ఈ మాట చెప్పి టెంటు భుజాన వేసుకుంటారు. కానీ ఆ పరిశోధనలో రోగి పరుపు మీదే ఉన్నాడు, చెట్టు బయటే ఉంది, మధ్యలో కిటికీ ఉంది. రోగిని తీసుకెళ్ళి చెట్టు కింద పడుకోబెట్టమని ఉల్రిచ్ ఎక్కడా అనలేదు.

దానికి కొలరాడోవాళ్ళు జవాబిచ్చారు. 2013లో కెనెత్ రైట్ బృందం ఎనిమిది మందిని వారం రోజులు రాకీ పర్వతాల్లో ఉంచింది. రాత్రయితే చలిమంటే వెలుగు. టార్చిలైట్లు లేవు, ఫోన్లు లేవు. వారం తిరిగేసరికి వాళ్ళ ఒంట్లోని గడియారం సూర్యుడితో కలిసిపోయింది. నిద్రొచ్చే వేళను ఒంటికి చెప్పే మెలటోనిన్ సుమారు రెండు గంటలు ముందే పెరగడం మొదలైంది. మనవాళ్ళు ఈ ప్రయోగాన్ని యథాతథంగా స్వీకరించారు. కాకపోతే వారాన్ని ఒక రాత్రికి కుదించి, ఫోన్లు, టార్చిలైట్లు, పవర్ బ్యాంకులు, ఎల్‌ఈడీ తోరణాలు, బ్లూటూత్ స్పీకరు మాత్రం కలిపారు. చలిమంట అలాగే ఉంచారు, ఫొటోలో బాగుంటుందని.

ఇక అనంతగిరి. హైదరాబాద్ నుంచి 80 కిలోమీటర్ల దూరం, వికారాబాద్ దాటగానే కొండలు, ఎర్రమట్టి, అడవి. మొదటిసారి వచ్చినవాళ్ళకి ప్రకృతి పరిచయమయ్యేది మేకు దగ్గరే. టెంటు మూల తాడుకి ఇంత ఇనప మేకు ఇస్తారు. వీడియోలో అది వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఇక్కడ రెండంగుళాల మట్టి కింద రాయి తగిలి, మేకు ప్రశ్నార్థకంలా వంగుతుంది. ఆ వంగిన మేకుని ఇంకో రాయి మీద పెట్టి, మూడో రాయితో కొట్టి తిన్నగా చేస్తున్న డేటా సైంటిస్టుని చూస్తే, మానవజాతి రాతియుగానికి క్షేమంగా చేరుకుందని ధైర్యం కలుగుతుంది. ఇదంతా చూస్తున్న సైటు వాచ్‌మన్ పెద్దాయన చివరికి ఆగలేక, "పల్లంల ఏస్తున్రు సార్, వానొస్తే నీళ్ళన్నీ గిటే వస్తయ్" అన్నాడు. కాసేపాగి, ఎంతో మర్యాదగా, "ఇంట్ల మంచాలు లేవా సార్ మీకు?" అని అడిగాడు.

ఉల్రిచ్ దగ్గరా కెనెత్ రైట్ దగ్గరా కూడా ఈ ప్రశ్నకి జవాబు లేదు.

భోజనం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అడవిలో వండుకుంటామని పొద్దున్నే ఇంట్లో మసాలా పట్టించిన చికెన్ సగం కాలి, సగం పచ్చిగా ఉండిపోతుంది. తొమ్మిదింటికి వికారాబాద్ నుంచి బిర్యానీ వస్తుంది. దాన్ని ప్రకృతి ప్రసాదంగా స్వీకరించాలి.

అసలు చికిత్స అర్ధరాత్రి తర్వాత మొదలవుతుంది. చదునుగా కనిపించిన నేల చదునుగా లేదని పడుకున్నాక తెలుస్తుంది. నలుగురూ మెల్లగా జారి తెల్లారేసరికి ఒకే మూలకి చేరతారు. మనుషుల మధ్య దూరాలు తగ్గిపోయాయని అందరూ బాధపడే ఈ రోజుల్లో ఇంతకంటే ఏం కావాలి? టెంటు జిప్పు బిగించాక లోపల మిగిలిన దోమ బయటి వంద దోమలతో సమానం, ఎందుకంటే దానికి పోటీ లేదు. నాలుగింటికి మొహం మీద చుక్క పడుతుంది. వాన కాదు. నలుగురి ఊపిరిలోని ఆవిరి చల్లటి టెంటు గుడ్డకి తగిలి, నీరై, మళ్ళీ ఆ నలుగురి మీదే కారుతుంది. వారమంతా మీటింగుల్లో బిగబట్టుకున్న నిట్టూర్పులు ఇంత పారదర్శకంగా తిరిగిచ్చే వ్యవస్థ ఇంకోటి లేదు.

పొద్దున సూర్యోదయం బాగుంటుంది. అది నిజంగానే బాగుంటుంది, అందులో వ్యంగ్యమేం లేదు. మంచు విడుతుంటే చెట్లు ఒక్కోటీ బయటపడుతుంటాయి, పేరు తెలియని పిట్టేదో కూస్తుంటుంది. స్పీకరు ఛార్జింగ్ అయిపోయింది కాబట్టి వినపడింది.

ఇక్కడ ఇంకో పేషెంటు సంగతి చెప్పాలి. మూసీ పుట్టేది ఈ అనంతగిరి కొండల్లోనే. మనం బాగుపడటానికి నగరం నుంచి కొండకి వస్తే, ఆవిడ కొండ నుంచి నగరానికి వస్తుంది. దారి ఒక్కటే, దిశ మాత్రం ఎదురు. చాదర్‌ఘాట్ వంతెన దాటేటప్పుడు ఆటోలో ఎవరైనా ముక్కు మూసుకున్నారంటే, మన ఆతిథ్యంలో ఆవిడ ఆరోగ్యం ఎలా ఉందో తెలిసిపోతుంది. మనం ఒక్క రాత్రి అక్కడుండి చిప్స్ కవర్లు, నీళ్ళ సీసాలు, వంగిన మేకులు వదిలి వస్తాం. మిగతా రోజులన్నీ ఆవిడ మన దగ్గరే ఉండి, మనం వదిలినవన్నీ నల్గొండ జిల్లా వాడపల్లి దాకా మోసుకెళ్ళి కృష్ణకి అప్పగిస్తుంది. ప్రకృతి, మనిషి ఒకరినొకరు బాగుచేసుకోవడం అంటే ఇదే కాబోలు. లెక్కలో కొంచెం తేడా ఉంది, అంతే.

ఇంత ప్రభావం ఉన్న వైద్యాన్ని ఆరోగ్య బీమాలో చేర్చాలని నా ప్రతిపాదన. టెంటు అద్దె, దోమల మందు, సోమవారం నడుం నొప్పికి ఫిజియోథెరపీ, అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా ఇవ్వాలి. ఏజెంటుని అడిగాను కూడా. ఆయన ఫారం నింపడానికి వెంటనే ఒప్పుకున్నాడు, కానీ జబ్బు పేరు రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆగింది. "హైదరాబాద్ అని రాయండి" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది పాలసీ తీసుకోకముందు నుంచీ ఉన్న జబ్బు సార్, మూడేళ్ళు ఆగాలి."