పరుగుంది, టైమే లేదు

తెల్లవారుజామున శ్రీకాకుళం నుంచి ఏ రోడ్డు పట్టుకున్నా, ఆమదాలవలస వైపైనా గార వైపైనా, చీకట్లో పరుగెడుతున్న కుర్రాళ్లు ఎదురవుతారు. రాజాం, చీపురుపల్లి, బొబ్బిలి పక్కల్లోనూ అంతే. కొందరికి బూట్లుంటాయి, కొందరివి ఉత్త కాళ్లు. అమ్మాయిలైతే ఇద్దరు ముగ్గురు జట్టుగా వస్తారు, వెనకాల బండి మీద తండ్రో అన్నో తోడుంటాడు. వీళ్లలో ఎక్కువ మందిది ఉద్యోగం కోసం పరుగు. కానిస్టేబుల్ పరీక్షకు 1600 మీటర్లు, అగ్నివీర్ ర్యాలీకి 1.6 కిలోమీటర్లు; దూరం ఒకటే. ఇంత పట్టుదలగా పరుగెత్తే చోటు నుంచి వంద, రెండు వందల మీటర్ల జాతీయ జాబితాల్లోకి పైవరసన ఓ పేరు ఎక్కడం మాత్రం అరుదు.

ఎందుకని అడిగితే గ్రౌండ్ సరిగా లేదంటారు, కోచ్ లేడంటారు, తిండి చాలదంటారు. ఏదీ అబద్ధం కాదు. కానీ వీటన్నిటికంటే ముందున్న లోటు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన పిల్లలు వంద మీటర్లు నిజంగా ఎన్ని సెకన్లలో పరుగెడుతున్నారో మనకే తెలియదు.

బరువులెత్తడంలో ఈ ఇబ్బంది రాలేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడి కాలం నుంచీ ఇక్కడ కండబలానికి గౌరవం ఉంది. ఆమదాలవలస మండలం ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం కొండవెలగాడ సంగతి సరేసరి; ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. పల్లెల్లో ఓ షెడ్డు, ఓ రాడ్డు, నాలుగు ప్లేట్లు, పిల్లల వెంటపడే మాస్టారు ఉంటే ఈ ఆట ఇంత దూరం వచ్చింది. ఎందుకంటే ఊసవానిపేటలో వంద కిలోలంటే సిడ్నీలోనూ వంద కిలోలే. ఇంటి దగ్గర ఎత్తిన బరువును బట్టి ఆ అమ్మాయి ఏ స్థాయిలో ఉందో ఆ సాయంత్రమే మాస్టారికి తెలిసిపోతుంది. వంద మీటర్ల పరుగుకు ఆ సౌకర్యం లేదు.

స్కూల్ గేమ్స్ మండల పోటీలు ఎలా జరుగుతాయో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందురోజు వాన పడితే గ్రౌండులో ఓ మూల నీళ్లు నిలిచి ఉంటాయి. పీఈటీ మాస్టారు పొద్దున్నే వచ్చి టేపుతో కొలిచి, సున్నం పోసి గీతలు గీస్తారు. టేపు లేకపోతే తాడు. తాడు లేకపోతే అడుగులు. స్టార్టర్ చెయ్యెత్తి విజిల్ ఊదుతాడు. వంద మీటర్ల అవతల నిలబడ్డ మాస్టారు ఆ విజిల్ విని చేతిలో స్టాప్‌వాచ్ నొక్కుతారు.

అసలు తంటా ఇక్కడే మొదలవుతుంది. విజిల్ శబ్దం వంద మీటర్లు దాటి ఆయన చెవిని చేరడానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. అప్పటికే పిల్లలు పరుగు అందుకుని ఉంటారు. అందుకే పెద్ద పోటీల్లో చేతి గడియారం వాడినా పిస్టల్ పొగ చూసి నొక్కాలి తప్ప చప్పుడు విని నొక్కకూడదంటారు. అలా నొక్కినా సరే, చేతి టైముకు 0.24 సెకను కలిపితేగానీ ఎలక్ట్రానిక్ టైముతో పోల్చరు. వేలు కదలడానికి పట్టే ఆలస్యం అంత. రెండూ కలిస్తే అర సెకను పైమాటే. మండలంలో 11.2 అని రాసుకొచ్చిన కుర్రాడి అసలు టైము 11.7 దగ్గర్లో ఉంటుందన్నమాట. వంద మీటర్ల చివర్లో అర సెకనంటే నాలుగైదు మీటర్ల దూరం. ఆ కుర్రాడు రాష్ట్ర పోటీలకు వెళ్లి, తొలి దశ పరుగుల్లోనే (హీట్స్) ఆఖరి వరసలో వస్తాడు. ‘పాపం, టెన్షన్ పడిపోయాడు’ అంటారు ఇంటికొచ్చాక. టెన్షన్ లేదు, ఏమీ లేదు. ఇక్కడ రాసిచ్చిన టైమే తప్పు.

దీనికి రెండో వైపు ఇంకా అన్యాయంగా ఉంటుంది. బురద గ్రౌండులో, ఉత్తకాళ్లతో, ఎదురుగాలికి 12 సెకన్లలో పరుగెత్తిన పిల్లవాడిని ‘ఫర్వాలేదు’ అని పక్కన పెట్టేస్తారు. మంచి ట్రాక్ మీద వాడు ఎంతలో పరుగెత్తేవాడో ఎవరికీ తెలియదు. పదో తరగతి అయిపోగానే పాలిటెక్నిక్కో, చెన్నైలో పనికో వెళ్లిపోతాడు.

గాలి సంగతి మరీ వింత. వంద, రెండు వందల మీటర్ల పరుగులో వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ టైమును రికార్డుకు లెక్కలోకి తీసుకోరు. గంటకు 7 కిలోమీటర్ల పైచిలుకు, అంటే ఆకులు కదిలేపాటి గాలి. ఆ మాత్రానికే దాదాపు పదోవంతు సెకను కలిసొస్తుంది. ఫినిష్ గీతకు 50 మీటర్ల ఇవతల, 1.22 మీటర్ల ఎత్తున పెట్టిన విండ్ గేజ్ వంద మీటర్ల పరుగులో పది సెకన్లపాటు గాలిని కొలుస్తుంది. కళింగపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం పొడవునా మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి ఎలా ఉంటుందో మనకు తెలుసు. మన పోటీలు ఎక్కువగా ఆ వేళకే ఫైనల్స్‌కు వస్తాయి. ఉపన్యాసాలు, జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు అయ్యేసరికి ఆ వేళవుతుంది మరి.

పక్క జిల్లా అమ్మాయి జ్యోతి యర్రాజీ కథ చూడండి. విశాఖపట్నంలో తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లల్లో పనులు చేసేది. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో జరిగిన ఫెడరేషన్ కప్‌లో జ్యోతి వంద మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో దాటింది. అనురాధా బిస్వాల్ 2002లో పెట్టిన 13.38 జాతీయ రికార్డు కంటే అది చాలా మెరుగు. కానీ విండ్ గేజ్ 2.1 చూపించింది. సెకనుకు పది సెంటీమీటర్ల తేడాతో రికార్డు చేజారింది. బాధాకరమే అయినా, ఆ గేజ్ ఉండబట్టే ఆమె స్థాయేమిటో అందరికీ తెలిసింది. మరుసటి నెలే సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో రికార్డు చేతికొచ్చింది. అదే ఏడాది అక్టోబరుకల్లా 12.82కు దిగింది, 2023లో 12.78. పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఈవెంట్‌లో పాల్గొన్న తొలి భారతీయురాలు ఆమే. ఇంత ఎదగడానికి ఆమె విశాఖ వదిలి హైదరాబాద్, ఆ తర్వాత భువనేశ్వర్ వెళ్లాల్సి వచ్చింది. 2025 జూలైలో పురుషుల వంద మీటర్లలో 10.18తో జాతీయ రికార్డు సృష్టించిన ఛత్తీస్‌గఢ్ కుర్రాడు అనిమేష్ కుజూర్‌దీ భువనేశ్వర్ శిక్షణే. ఇచ్ఛాపురంలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్న భోజనానికి చేరుకునే ఊరు అది. అక్కడున్నది ఇక్కడ లేదెందుకని ఎవరైనా అడగాలి కదా.

ఇక శిక్షణ మాట. మన దగ్గర పరుగంటే 1600 మీటర్లే కాబట్టి స్ప్రింటర్లను కూడా ఆ మూసలోనే పోస్తున్నాం. పొద్దున గ్రౌండు చుట్టూ పది రౌండ్లు, సాయంత్రం ఇంకో పది. వంద మీటర్ల పిల్లకు కావాల్సింది వేరు. ముప్పై మీటర్లు పూర్తి వేగంతో ఓ పరుగు, తర్వాత మూడు నాలుగు నిమిషాలు విశ్రాంతి, మళ్లీ ముప్పై మీటర్లు. పది మీటర్లకు ఓ నిమిషం చొప్పున ఆగాలన్నది కోచ్‌ల పాత లెక్క. ఆ కొద్ది సెకన్ల పరుగుకు కండరాల్లో నిల్వ ఉండే ఇంధనం తిరిగి నిండటానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఆగకుండా పరుగెడితే అలసట పెరుగుతుందే తప్ప వేగం పెరగదు. పైగా తారురోడ్డు మీద రౌండ్లు కొట్టీ కొట్టీ మోకాలి కింద ఎముక నొప్పి తెచ్చుకుంటున్నారు. కానీ గ్రౌండులో చూసేవాళ్లకు ఇది బద్ధకంలా కనిపిస్తుంది. ‘ఏటిరా, అలా కూకుండిపోనావు? లెగు, ఇంకో రౌండ్ కొట్టు’ అని గట్టు మీద నుంచి ఓ పెద్దాయన కేకేస్తాడు. మాస్టారు కాదనలేడు.

పరుగు మొదలుపెట్టేటప్పుడు పాదాలు ఆనించే దిమ్మలు, అంటే స్టార్టింగ్ బ్లాకులు, వాటి సంగతీ అంతే. 400 మీటర్ల వరకు పెద్ద పోటీల్లో బ్లాకుల నుంచే లేవాలి. తుపాకీ పేలాక 0.1 సెకనులోపు కదిలితే ఫాల్స్ స్టార్ట్ కింద లెక్క. 2010 నుంచి ఒక్కసారి తప్పు చేసినా బయటికే. మన పిల్లల్లో చాలామంది బ్లాకును మొదటిసారి చూసేది జిల్లా పోటీల్లోనో, రాష్ట్ర పోటీల్లోనో. ముందు కాలు ఏ కోణంలో పెట్టాలో, చేతుల మీద ఎంత బరువు వేయాలో పక్క పిల్లను చూసి నేర్చుకుంటారు. అడుగున ముళ్లుండే బూట్లు, స్పైక్స్, కూడా అరువే. పాదం అరువు బూటులో జారితే తొడ వెనక కండరం పట్టేస్తుంది, దాంతో ఆ సీజన్ పోయినట్టే.

ఈ జిల్లాల్లో ఎప్పుడు క్రీడల మాట వచ్చినా స్టేడియం దగ్గరికే వెళ్తుంది. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి పేరిట, విజయనగరంలో విజ్జీ పేరిట స్టేడియాలున్నాయి. గ్యాలరీలు, గేట్లు, ప్రహరీలు ఎవరికీ చేదు కాదు. శంకుస్థాపన ఫొటోకు బాగుంటాయి కూడా. 400 మీటర్ల ట్రాక్ కట్టాలంటే సుమారు నాలుగెకరాలు కావాలి, దానికి టెండర్లు, బిల్లులు, కోర్టు కేసులు. అది అయ్యేలోపు ఓ తరం పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. కానీ స్ప్రింటర్‌కు ముందుగా కావాల్సింది తిన్నటి దారి ఒకటి. వంద మీటర్ల పరుగుకు, హర్డిల్స్‌కు కలిపి స్టార్టు వెనక, ఫినిష్ తర్వాత వదిలే స్థలంతో సహా 130 మీటర్ల పొడవు చాలు. ఒక్కొక్కరు పరుగెత్తే లేన్ వెడల్పు 1.22 మీటర్లు, ఆరు లేన్లకు ఏడున్నర మీటర్ల లోపే. లెక్కకడితే ఇరవై నాలుగు సెంట్లు. ఊళ్లో ఓ మోస్తరు కల్యాణ మండపానికి పోయే జాగా కంటే తక్కువ.

అందుకే మేం అడిగేది స్టేడియం కాదు. ప్రతి రెవెన్యూ డివిజన్‌లో, శ్రీకాకుళం, టెక్కలి, పలాస, విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లిలలో, ఏదో ఒక జూనియర్ కాలేజీ ఆవరణలో ఆరు లేన్ల సింథటిక్ దారి, అంటే రబ్బరు లాంటి పూత ఉన్న దారి, వేయాలి. వానలకు అక్టోబరు, నవంబరులలో మన మట్టి గ్రౌండ్లు ఎందుకూ పనికిరావు. సింథటిక్ మీద వాన వెలిసిన కాసేపటికే పరుగెత్తొచ్చు. జిల్లాకు ఫినిష్ గీత దాటిన క్షణాన్ని ఫొటో తీసి టైము చెప్పే ఫొటో ఫినిష్ కెమెరా ఒకటి, ఓ విండ్ గేజ్ కొనాలి. అవి ఒకేచోట కట్టేసి ఉంచాల్సినవేమీ కాదు, జీపులో వేసుకుని తిప్పొచ్చు. నెలకో ఆదివారం ఎవరైనా వచ్చి పరుగెత్తే పోటీ పెట్టాలి. మెడల్స్ అక్కర్లేదు, అతిథులు అసలే అక్కర్లేదు. టైము, దాని పక్కన గాలి అంకె రాసి గోడకు అంటిస్తే చాలు. జాతీయ జూనియర్ పోటీల్లో జిల్లాలవారీగా తలపడేది కూడా ఉంది కాబట్టి, జట్టును ఎంపిక చేసేటప్పుడు ఎవరి పిల్లాడన్నది కాకుండా గోడ మీది అంకె చూస్తారు. సిఫారసులకు అలవాటు పడ్డవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు.

వయసు మోసాల గురించి ఓ మాట చెప్పక తప్పదు. అండర్-14లో మీసాలొచ్చిన కుర్రాళ్లు పరుగెత్తడం అందరూ చూస్తున్నదే. నిజంగా పద్నాలుగేళ్లలోపున్న పిల్లాడు ఆ పోటీలో నాలుగో స్థానంలో వచ్చి మళ్లీ గ్రౌండు ముఖం చూడడు. టైములు తేదీలతో సహా ఏళ్లతరబడి ఒకచోట నమోదైతే, ఏడాదిలో ఎవరు ఎంత మారారో కనిపెట్టడం కూడా తేలికవుతుంది. తిండి విషయానికొస్తే, బలం పేరుతో డబ్బా పౌడర్లు అమ్మేవాళ్లకు దూరంగా ఉండమని తల్లిదండ్రులకు చెప్పడం కూడా పీఈటీల పని కావాలి. గుడ్డు, పప్పు, పాలు సరిగా అందితే ఆ వయసు పిల్లకు ఎక్కువ లోటు ఉండదు.

ఉద్దానంలో మంచినీళ్లు, కిడ్నీ జబ్బుల బాధ ఇంతుండగా ట్రాక్ గొడవేంటని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. మేం దేన్నీ ఆపి దీనికి పెట్టమనడం లేదు. కానీ తెల్లవారుజామున రోడ్డెక్కిన ఆ వందలాది కుర్రాళ్లు సిద్ధమయ్యే కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్లతోపాటు వంద మీటర్ల పరుగు కూడా ఉంది. పురుషులకు 15 సెకన్ల గడువు. లారీల మధ్య రోడ్డు మీద ప్రాక్టీస్ చేసే వాళ్లకు తిన్నటి, భద్రమైన దారి దొరికితే నష్టపోయేదెవరు? అమ్మాయిలకు అక్కడే దీపాలు, బాత్రూమ్ ఏర్పాటు చేస్తే వెనకాల బండి మీద తోడొచ్చే తండ్రికీ తెరిపి.

సింథటిక్ దారులకు సమయం పడుతుంది, ఒప్పుకుంటాం. కెమెరాకు, గేజ్‌కు పట్టదు. ఈ ఏడాది స్కూల్ గేమ్స్ జిల్లా పోటీలకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లు కలిసి వాటిని అద్దెకైనా తెప్పించాలి. విజిల్ బదులు పొగ కనపడే స్టార్టింగ్ పిస్టల్ ఇప్పించాలి, ఫైనల్స్ పొద్దున పదిలోపు ముగించాలి. సన్మానాలు సాయంత్రం పెట్టుకోవచ్చు.