చెవిలో గ్యాస్

పోయిన నెల తెనాలిలో మా పెదనాన్నగారబ్బాయి గృహప్రవేశానికి వెళ్లాను. అప్పటికి రెండు రోజులుగా ఎడమ చెవి దిబ్బడేసి ఉంది. ఎవరేం మాట్లాడినా నూతిలోంచి మాట్లాడినట్టే వినిపిస్తోంది. బంతిలో నా పక్కన కూర్చున్న బాబాయి, "ఏరా, చెవిలో వేలు పెట్టుకుని తింటున్నావేంటి?" అన్నాడు. సంగతి చెప్పాను. బాబాయి గారె విరిచి, అల్లప్పచ్చడిలో ముంచి, నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు తీర్పు చెప్పాడు.

"గ్యాస్ రా. పైకి తన్నింది."

ఇన్నాళ్లూ నడుం పట్టేస్తే గ్యాస్, భుజం లాగితే గ్యాస్, తల పగిలిపోతుంటే గ్యాస్ తలకెక్కడం, కళ్లు తిరిగితే గ్యాస్, నిద్ర పట్టకపోతే గ్యాస్, మరీ మొద్దునిద్ర పడితే లోపల పేరుకుపోయిన పాత గ్యాస్ అని విన్నాను. మా వదిన మోకాళ్ల నొప్పులకి పదేళ్లుగా కారణం అదే. చెవి మాత్రం ఆ వేళే జాబితాలో చేరింది. ఇక మిగిలినవి గోళ్లు, జుట్టు.

ఎదురు వరసలోంచి బావగారు వెంటనే బలపరిచారు. కందిపప్పు తింటే ఆయనకి కుడి చెవి మూసుకుపోతుందట. ఎడమది మూసుకుపోయిందంటే అది శనగపిండి పనేనట. "మొన్న బజ్జీలు తిన్నావా?" అని అడిగారు. తిన్నానన్నాను. "చూశారా!" అన్నట్టు బంతి మొత్తం తలాడించింది. సాంబారు బకెట్టు పట్టుకుని వచ్చిన కుర్రాడు వడ్డన ఆపి, "మా నాన్నకి ముక్కులోకి వచ్చేదండి" అన్నాడు. పిన్ని వాము నమలమంది. ఎవరో ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు. ఎవరో అసలు పడుకోవద్దన్నారు. అప్పుడు, పంచాయతీరాజ్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఎక్కడో పదో విస్తరి దగ్గర నుంచి, అసలు ప్రశ్న వేశారు.

"మోషన్ ఫ్రీగా అవుతోందా?"

నాకు సరిగా వినపడలేదు. "ఏంటండీ?" అన్నాను.

ఆయన లేచి నిలబడి అడిగారు. ఆ వేళప్పుడే సన్నాయి వాళ్లు కాఫీకి లేచారు. రెండు వందల మంది విస్తళ్ల ముందు చేతులు ఆపి నా జవాబు కోసం చూశారు. "అవుతోందండీ" అన్నాను. "ఎన్నిసార్లు?" అన్నారు. చెప్పాను. ఆ సంఖ్య మీద ఆడవాళ్ల వరసలో కాసేపు చర్చ నడిచింది. ఈ ప్రశ్న కొత్త పెళ్లికూతుర్ని కూడా నిస్సంకోచంగా అడగగల జాతి మనది. అదే పెద్దాయన, "నాకు రక్తం పడుతోంది" అని ఎవరైనా చెబితే మాత్రం సిగ్గుతో తల తిప్పుకుంటారు.

ఇంటికొచ్చాక కూర్చుని రూటు మ్యాపు వేసుకున్నాను. పొట్ట నుంచి చెవికి గ్యాస్ ఏ దారిన వెళ్తుందో చూడాలి కదా.

బయల్దేరేది నోటి దగ్గర. గారె నోట్లో ఉండగానే ఉమ్మిలో ఉన్న ఎంజైమ్ అందులోని పిండిపదార్థం మీద పని మొదలుపెడుతుంది. అక్కణ్నుంచి పాతిక సెంటీమీటర్ల అన్నవాహిక. దాని కండరాలు ముద్దని కిందకి నెడతాయి, అందుకే తలకిందులుగా వేలాడుతూ మింగినా తిండి పొట్టకే చేరుతుంది. పొట్టలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ కాచుకుని ఉంటుంది. మన పొట్ట రోజుకి సుమారు 2 లీటర్ల జీర్ణరసం తయారుచేస్తుంది. చిన్నప్పుడు మన పొట్ట నిమురుతూ అమ్మలు "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనేవాళ్లు. అగస్త్యుడు ఒక రాక్షసుణ్ని సాంతం అరిగించుకున్నాడు, అదీ పరగడుపున బిళ్ల వేసుకోకుండా.

రెండు మూడు గంటలు చిలికాక ఆ ముద్ద చిన్నపేగులోకి దిగుతుంది. దాని పేరే చిన్న, పొడవు ఆరు మీటర్లు. కాలేయం నుంచి పైత్యరసం, క్లోమం నుంచి మరో రసం అక్కడికి వచ్చి కలుస్తాయి. ఒంటికి పట్టేదంతా పట్టేది అక్కడే. మిగిలింది మీటరున్నర పెద్దపేగులోకి పోతుంది. అందులో కాపురం ఉండే బ్యాక్టీరియా, పప్పుల్లో మనకి అరగని చక్కెరలు కొన్ని ఉంటే వాటిని తిని, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ తయారుచేస్తాయి. వీటికి వాసన లేదు. వాసనంతా రవ్వంత ఉండే గంధకపు వాయువులది. పై నుంచి వచ్చే త్రేన్పు చాలావరకు మనం గబగబా తింటూ, కబుర్లు చెబుతూ మింగిన గాలే.

అంటే బయటికి ద్వారాలు రెండు. పైన ఒకటి, కింద ఒకటి. కొంత గ్యాస్ రక్తంలో కలిసి ఊపిరితో పాటు పోతుంది, అదీ ముక్కు దారినే. మోకాలికి స్టాపు లేదు. భుజానికి బైపాస్ లేదు. గొంతు నుంచి చెవికి ఒక సన్నటి గొట్టం ఉన్న మాట నిజమే గానీ, దయచేసి మా బాబాయికి చెప్పకండి.

ఈఎన్‌టీ డాక్టరు పిచికారీతో నీళ్లు కొట్టి, శనగగింజంత గులిమి తీసి ట్రేలో పెట్టాడు. ఫొటో తీసి బాబాయికి పంపాను. "గ్యాస్ గడ్డకట్టిందన్నమాట" అని జవాబొచ్చింది.

రోగం అందరికీ ఒకటే కాబట్టి మందూ ఒకటే. కోస్తాలో గ్యాస్ బిళ్ల, తెలంగాణలో గ్యాస్ గోలీ. మా వీధి చివర మెడికల్ షాపాయన మనిషి నోరు తెరవకముందే కత్తెరతో రెండు కత్తిరించి కవర్లో పడేస్తాడు. అట్ట మీద ఎర్ర గీత, డాక్టరు చీటీ ఉండాలన్న హెచ్చరిక ఆ కత్తెరకి అడ్డం రావు. తమాషా ఏమిటంటే ఆ బిళ్ల గ్యాస్‌ని తాకనైనా తాకదు. ఆ బిళ్లల్లో ఉండే ఒమెప్రజోల్, ప్యాంటప్రజోల్ చేసేది పొట్ట గోడల్లో యాసిడ్ వదిలే పంపుల్ని ఆపడం. పెద్దపేగులో తయారయ్యే గ్యాస్‌కి వాటితో సంబంధం లేదు. ట్యాంకు నిండి నీళ్లు కారుతుంటే పక్కింటి మోటారు కట్టేసినట్టు. 1988లో ఒమెప్రజోల్ రావడం నిజంగా గొప్ప సంగతే, పుండ్లతో రక్తం కక్కుకునేవాళ్ల ప్రాణాలు నిలబెట్టిన మందు అది. తిండికి అరగంట ముందు వేసుకోవాలి. మనం బిర్యానీ అయ్యాక, వక్కపొడితో పాటు వేసుకుంటాం. డాక్టరు చెప్పకుండానే ఏళ్ల తరబడి మింగితే ఒంట్లో బీ12 విటమిన్, మెగ్నీషియం తగ్గొచ్చు, అప్పుడు కాళ్లు తిమ్మిర్లెక్కితే మాత్రం అది గ్యాస్ అంటాం.

1984లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే డాక్టరు, పొట్టలో పూతకీ పుండుకీ ఒక బ్యాక్టీరియా కారణమని చెబితే ఎవరూ నమ్మక, ఆ సూక్ష్మజీవుల్ని పెంచిన ద్రవాన్ని తనే గటగటా తాగేశాడు. కొద్ది రోజుల్లో వాంతులు, నోటి దుర్వాసన. గొట్టం వేసి చూస్తే పొట్టంతా పూసి ఉంది. దానికి ముందు లోకమంతా పుండుకి టెన్షనూ కారమూ కారణమనేది, మనం ఆ నిందంతా గుంటూరు మిరపకాయ మీద వేశాం. 2005లో ఆయనకీ, ఆయనతో కలిసి పనిచేసిన రాబిన్ వారెన్‌కీ నోబెల్ ఇచ్చారు. అదే మార్షల్ మా బాబాయి కొడుకై పుట్టుంటే, వాంతి అయిన తొలిరోజే గోలీ సోడా కొట్టించి, నోబెల్ దాకా పోనిచ్చేవాళ్లం కాదు.

పాలు పడని వాడికీ గ్యాసే, పిత్తాశయంలో రాళ్లున్నవాడికీ గ్యాసే, అన్నవాహిక కింద మూత వదులై పుల్లటి నీళ్లు గొంతులోకి వచ్చేవాడికీ గ్యాసే. ఎండోస్కోపీ నేర్చుకోవడానికి విదేశాల నుంచి డాక్టర్లు హైదరాబాద్ వస్తారు. ఆ ఊళ్లోనే జీర్ణకోశ వైద్యం చేసే నాగేశ్వర్ రెడ్డిగారికి 2025లో పద్మవిభూషణ్ కూడా ఇచ్చారు. మనం మటుకు అదే ఊళ్లో ఏడాదిపాటు జీలకర్ర నీళ్లు తాగి, పదమూడు కిలోలు తగ్గి, అప్పుడు వెళ్లి ఆయన్లాంటి వాళ్ల గుమ్మం ముందు కూర్చుంటాం.

సరే, ఇదంతా నవ్వుకోవచ్చు. నాలుగేళ్ల కిందట మా మేనమామ సంగతి మాత్రం నాకు నవ్వుతూ చెప్పడం చేతకాదు.

యాభై నాలుగేళ్లు. షుగర్ ఉంది. రాత్రి పదకొండుకి గుండెల్లో బరువుగా ఉందన్నాడు. చొక్కా తడిసిపోయేలా చెమట. ఇంటి నిండా మనుషులం, పండక్కి వచ్చినవాళ్లం. అందరం ఒకే మాట అన్నాం. అత్తయ్య వాము నీళ్లు కాచింది. బాబాయి రెండు బిళ్లలు మింగించి వీపు రాశాడు. "నడిస్తే దిగిపోతుంది" అని మేడ మీదకి ఎక్కించి అటూ ఇటూ నడిపించారు. గుండెకి రక్తం అందక కండరం చచ్చిపోతున్న మనిషిని మెట్లెక్కించారు! సోడా తెచ్చింది నేనే. మూసేసిన కిళ్లీ కొట్టు తలుపు బాది, నిద్రపోతున్నవాణ్ని లేపి, నిమ్మకాయ కూడా పిండించి తెచ్చాను. డిగ్రీ చదివినవాణ్ని. పొట్టకీ గుండెకీ మధ్య ఉన్నది ఒక పల్చటి పొర అని, రెండింటి నొప్పీ వెన్నులోకి చేరే నరాల దారులు కలిసిపోయి ఉంటాయని, గుండెపోటులో గుండె కింది భాగం దెబ్బతింటే కడుపులో తిప్పుతున్నట్టే ఉంటుందని, షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చని నాకు ఎవడు చెప్పాడు? ఎవడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. గ్యాస్ అనేశాక ఇంకేం అడుగుతాం? 108 బండి 2005 ఆగస్టు 15 నుంచి తిరుగుతోంది. ఆస్పత్రి ఇరవై నిమిషాల దూరం. ఈసీజీ తీయడానికి అయిదు నిమిషాలు. ఆ ఆరు గంటల్లో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఫోను తీయలేదు, ఎందుకంటే "ఇంత చిన్నదానికి ఆస్పత్రేంటి, నలుగురూ నవ్విపోతారు" అని ఆయనే అన్నాడు, మేం ఊఁ కొట్టాం.

రెండింటికి పెద్ద త్రేన్పు వచ్చింది. అందరం "హమ్మయ్య" అన్నాం. లైట్లు తీసేసి పడుకున్నాం.

తెల్లారుజామున అయిదు గంటలకి అత్తయ్య కేక.

పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర బాబాయి అందరికీ వివరిస్తున్నాడు. "మనిషి గట్టివాడే. ఆ గ్యాస్ వెళ్లి గుండెకి తన్నింది, అదీ జరిగింది" అని. నాకు విస్తరి తీసి మొహాన కొట్టాలనిపించింది. ఇంతలో బాబాయే మూడో బూరె మధ్యలో ఆగి, రొమ్ము రుద్దుకుంటూ, "నాకూ ఇక్కడేదో పట్టేసినట్టుంది, సోడా ఏమన్నా ఉందేమో చూడరా" అన్నాడు.

చెయ్యైనా కడుక్కోనివ్వలేదు. రెక్క పట్టుకుని లేపి కారులో పడేశాను. "పెరుగన్నం తినకుండా ఎక్కడికిరా!" అని దారి పొడుగునా తిట్టాడు. ఆస్పత్రిలో ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు, కొన్ని గంటలు ఆగి రెండూ మళ్లీ చేశారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. డ్యూటీ డాక్టరమ్మ కాగితం మడిచి ఇస్తూ, "కంగారేం లేదండీ, గ్యాసే" అంది.

బాబాయి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించాడు. అప్పటి నుంచే మరీ ధైర్యం వచ్చి చెవుల దాకా ఎక్కాడు.