సవరణ: ఎరిక్సన్ గుండె పరీక్షల గురించి

క్రీడాకారుల గుండె పరీక్షలపై మొన్న రాసిన పోస్టులో, "ముందే ఈసీజీ తీసి ఉంటే క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలో కుప్పకూలేవాడు కాదు" అన్నాను. అది తప్పు. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో ఫిన్లాండ్‌తో ఆడుతూ పడిపోయిన ఆ డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడికి అంతకుముందే గుండె పరీక్షలు జరిగాయి. ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హామ్‌లో ఉన్నప్పుడు రిపోర్టులు నార్మల్‌గానే వచ్చాయని అక్కడ అతన్ని చూసిన డాక్టరే చెప్పారు.

ఈసీజీ వృథా అని కాదు. గుండె కండరం మందమయ్యే జబ్బు, లాంగ్ క్యూటీ (గుండె విద్యుత్ సంకేతాల్లో ఉండే లోపం) లాంటివి చాలాసార్లు అందులో బయటపడతాయి. కానీ గుండెకు రక్తం తెచ్చే ధమని పుట్టుకతోనే తప్పు చోట మొదలైతే, పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగానే ఉండొచ్చు. ఆ ఒక్క కాగితం చూసి పిల్లల్ని నిశ్చింతగా ఆటకు పంపేయొచ్చన్నట్టు రాశాను. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. పరిగెడుతూ స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, రిపోర్టు నార్మల్ అన్నా సరే, కార్డియాలజిస్టుకు ఆ సంగతి తప్పక చెప్పండి.

ఎరిక్సన్‌ను బతికించింది వెంటనే చేసిన సీపీఆర్ (ఛాతీని పదే పదే నొక్కడం), గుండె లయను సరిచేసే డీఫిబ్రిలేటర్ యంత్రంతో ఇచ్చిన షాక్.

మరో పొరపాటు: అతను ఆట మానేశాడని రాశాను. ఛాతీలో ఐసీడీ (గుండె లయ తప్పితే తనంతట తానే షాక్ ఇచ్చే చిన్న పరికరం) అమర్చాక ఇటలీ నిబంధనలు ఒప్పుకోక అక్కడి క్లబ్ ఇంటర్ మిలన్‌ను వదిలాడు. 2022లో ఇంగ్లండ్‌లో బ్రెంట్‌ఫర్డ్ తరఫున మళ్లీ మైదానంలోకి దిగాడు.