సేవా పాఠానికి హాజరుపట్టీ చాలదు

మానవ సేవల కోర్సు చదివే విద్యార్థి సెమిస్టరుకు 45 గంటలు స్వచ్ఛంద సేవ చేయాలన్నది నిబంధన అనుకుందాం. 15 వారాలు, వారానికి మూడేసి గంటలు. కాగితం మీద లెక్క కుదిరింది. శిక్షణకు మూడు వారాలు, పరీక్షలకు ఒక వారం తీసేస్తే మిగిలేవి 11 వారాలు, 33 గంటలే. తక్కువపడిన 12 గంటల కోసం చివర్లో అందరూ ఒకేసారి వృద్ధాశ్రమానికో, పిల్లల వసతి గృహానికో పరుగెడతారు. సంతకాల పుస్తకం నిండుతుంది, అక్కడి సిబ్బందికి మాత్రం పని రెట్టింపవుతుంది. 30 గంటలే పెట్టి, ప్రతి వారం అదే రోజు, అదే చోటికి, అదే మనుషుల దగ్గరికి పంపడం మేలని మా అభిప్రాయం.

గంటలు సర్దడానికి శిక్షణను కోయడం అంతకన్నా ప్రమాదం. 'ఎవరికీ చెప్పను' అని పసివాడికి మాటిచ్చిన విద్యార్థి, ఆ బిడ్డ తనను ఇంట్లో కొడుతున్నారని చెప్పగానే ఇరుకున పడతాడు. చెబితే మాట తప్పినట్టు, చెప్పకపోతే బిడ్డకు ముప్పు. అందుకే గోప్యతకున్న హద్దును మొదటి పరిచయంలోనే చెప్పడం నేర్పాలి: 'నువ్వు చెప్పింది బయట పెట్టను. నీకు గానీ ఇంకొకరికి గానీ హాని ఉందని తెలిస్తే మాత్రం మా పెద్దవాళ్లకు చెప్పి తీరాలి.' ఈ రెండు వాక్యాలు నోటికి అలవాటయ్యేదాకా తరగతిలో జంటలుగా సాధన చేయించాలి. సొంత ఫోన్ నంబరు ఇవ్వడం, డబ్బు సర్దడం, ఫొటోలు తీసి పంచుకోవడం, ఉద్యోగం చూపిస్తామనడం కూడదని కూడా అప్పుడే చెప్పాలి.

ఏ పని చేయాలో ఎవరు నిర్ణయించాలి? 1968లో మెక్సికోలోని క్యుర్నవాకాలో సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇలిచ్ అమెరికా విద్యార్థి సేవకులతో, చూడటానికి, చదువుకోవడానికి రండి, సహాయం చేయడానికి మాత్రం రావద్దని ముఖం మీదే అన్నారు. ఆ మాట కటువే కానీ విని తీరాల్సింది. సేవ ద్వారా నేర్చుకునే చదువు గురించి రాసిన రాబర్ట్ సిగ్మన్ 1979లో చెప్పిన మూడు సూత్రాల్లో మొదటిది, అందే సేవపై అదుపు దాన్ని అందుకునేవారిదేనని. కనుక సెమిస్టరుకు నెల ముందే అధ్యాపకులు సంస్థకు వెళ్లి, ఏ పని ఆగిపోతోంది, ఏ రోజుల్లో కొత్తవారు వస్తే అడ్డు, ఎంతమందిని చూసుకోగలరు అని అడగాలి. నేపథ్య తనిఖీలకు వారాలు పడతాయి, వాటినీ అప్పుడే మొదలుపెట్టాలి. నలుగురు చాలంటే నలుగురినే పంపాలి.

అసలు చిక్కు అధ్యాపకుడి సమయంతోనే. విద్యార్థి ఆ రోజే నోటుపుస్తకంలో ఎదుటివారు అన్నదీ, తాను బదులిచ్చిందీ, అప్పుడు తనకు అనిపించిందీ పేర్లు లేకుండా రాయాలి. 'చాలా సంతృప్తి కలిగింది' అన్న వాక్యం దగ్గర ఆగిపోయిన పేజీని తిప్పి పంపాలి. 40 పుస్తకాలకు పదేసి నిమిషాలైనా వారానికి 400 నిమిషాలు, అంటే దాదాపు ఏడు గంటలు. ఈ పనిని బోధనా భారంలో లెక్కించకపోతే పుస్తకాలు చదివే నాథుడుండడు. పర్యవేక్షణ లేని కోర్సుకు క్రెడిట్లు ఇవ్వడాన్ని మేము సమర్థించలేం.

ఇక వీడ్కోలు. అలవాటైన మనిషి చెప్పాపెట్టకుండా మాయమైతే, ఇప్పటికే ఎందరో వదిలి వెళ్లిన పిల్లలకు అది మరో దెబ్బ. చివరి తేదీని మొదటి రోజే చెప్పాలి, మూడు వారాల ముందు మళ్లీ గుర్తుచేయాలి. వెళ్లేటప్పుడు ఏం చేశారో, ఏం మిగిలిందో, తర్వాత వచ్చేవారు ఎక్కడ అందుకోవాలో ఒక పేజీ రాసి సంస్థకు ఇవ్వాలి. ఆ పేజీ అందిందని సంస్థ చెప్పాకే మార్కులు వేయాలి.